రెండో ముద్దాయి జవాబు

జడ్జిగారు ఏమడిగినా "తెలియదండి" అనాలట. పది అడిగినా అదే, ఇరవై అడిగినా అదే. లాయరు మణికంఠ పొద్దున్న వచ్చీ రాగానే చెప్పాడు, టీ తాగొచ్చి మళ్లీ చెప్పాడు, ఇప్పుడు లోపలికి పోతూ పోతూ వేలెత్తి గుర్తుచేసి మరీ పోయాడు, మేరమ్మకేదో చెవుడున్నట్టు. తిరువూరు కోర్టు వరండాలో చెక్కబెంచీ మీద కూర్చుని ఆమె ఆ ముక్కని నోట్లో అటూ ఇటూ తిప్పి చూసింది. అన్నంలో రాయిలా పంటికింద తగిలింది. తెలియదండి! యాభై మూడేళ్లొచ్చాయి. పెనుగొలను నుంచి ముప్పై మంది ఆడాళ్లని పత్తి తీతలకి తోలుకుపోయే ముఠాకి మేస్త్రి. ఏ చేను ఎన్నో తీతలో ఉందో గట్టు మీద నుంచే చెప్పగలదు, ఏ ఆసామి మాట మీద నిలబడతాడో, ఎవడు సాయంత్రానికి నాలుక మడతేస్తాడో మొహం చూసి చెప్పగలదు. అలాంటి మనిషిని పట్టుకుని, నిన్నగాక మొన్న నల్లకోటు తొడుక్కున్న ఈ అబ్బాయి తెలియదనమంటాడు. పక్కన కూతురు కరుణశ్రీ చున్నీ కొస నమిలి నమిలి తడిపేసింది. "ఆ గుడ్డ వదులే, ఆకలైతే బన్ను తెప్పిస్తాను" అంది మేరమ్మ. పిల్ల నవ్వలేదు. ఇంకా మూడు కేసులయ్యాక మనది పిలుస్తారని గుమాస్తా చెప్పాడు. మూడు కేసులంటే గంట కావచ్చు, పది నిమిషాలూ కావచ్చు.

పొద్దున్న వచ్చినప్పుడే మణికంఠ చేతిలో ఒక కాగితం ఉంది, తెల్లటిది, టైపు కొట్టింది. జడ్జిగారికి ఇచ్చుకునే మనవి అట. "ఇందులో మీరు చదువురాని కూలిమనిషి అని రాశానమ్మా. కింద వేలిముద్ర వేస్తే చాలు" అని ఇంకు డబ్బా కూడా తెచ్చుకున్నాడు, ముందుచూపు గల పిల్లాడు. చదువురాని అనడానికి వాడు రాసిన మాట చాలా పొడుగుంది, నిరక్షరాస్యురాలు. మేరమ్మ ఆ మాటని కూడబలుక్కుని చదివేసరికి అతని మొహం చూడాలి. "సంతకం పెట్టడం వేరు, చదవడం వేరు అని వాదిద్దామనుకున్నానమ్మా, మీరిలా చదివేస్తే ఎలా" అన్నాడు. ఎలా అంటే ఏం చెప్పేది? రెండో తరగతి చదివే రోజుల్లో కరుణశ్రీ సాయంత్రాలు బడి నుంచొచ్చి, పలక తల్లి ఒళ్లో పెట్టి, బెత్తానికి బదులు పత్తికంప పుల్ల పట్టుకుని, "అమ్మా, ఇది ట, ఇది డ, మళ్లీ తప్పు రాశావు" అని కసిరితే నేర్చుకుంది. పత్తికాయ ముళ్లు గీసుకుపోయి బలపం పట్టుకుంటే వేళ్లు మండేవి. అయినా దిద్దింది. ఏడాది తిరిగేసరికి మందిరంలో లేచి నిలబడి బైబిల్లోంచి ఒక కీర్తన చదివింది, వేలు పెట్టుకుని, ఎక్కడా తప్పకుండా. ఆ రోజు ఆ రెండో తరగతి టీచరమ్మ ముందు వరసలో కూర్చుని పెదాలు కదుపుతూనే ఉంది, తల్లి ఎక్కడ తడబడితే అక్కడ అందిద్దామని. ఆ టీచరమ్మే ఇప్పుడు మూడో ముద్దాయి. దాని పక్కన కూర్చుని నాకు చదువు రాదని వేలిముద్ర వేయాలా? చస్తే వేయదు.

లోపల ఎవరిదో పేరు మూడుసార్లు పిలిచాడు బంట్రోతు. ఎవరూ పలకలేదు. కోర్టు గోడ అవతల ఆటో హారన్ రెండుసార్లు మోగింది, అది మొగుడు ఏసోబుదే. ఆయనకి లోపలికి రావడం భయం, ఆటో పెట్టే చోటు లేదనే వంక ఒకటి. గంపలగూడెం రోడ్డు మీద ఇరవై ఏళ్లుగా జనాన్ని ఎక్కించి దించే మనిషికి తిరువూరులో ఆటో పెట్టే చోటు దొరకలేదట! ఆయన్నీ తప్పు పట్టలేం. మంచి మనిషి, నోరు లేని మనిషి. ఇంట్లో నోరంతా మేరమ్మకే ఇచ్చి దేవుడు చేతులు దులుపుకున్నాడు. ఆ నోరే కొంప ముంచిందని ఊరంతా అనుకుంటోంది. అనుకోనీ. కొంప మునిగితే మునిగింది గానీ ఆ నోరు అబద్ధం మాత్రం చెప్పలేదు.

డిసెంబరు ఆఖరి ఆదివారం వాళ్ల మందిరంలో, ఆ ఏడు మేలు పొందినవాళ్లు లేచి మైకు పట్టుకుని చెప్పుకోవాలి. ఊరికే దేవుడు మేలు చేశాడు అంటే కుదరదు. చాప మీద ముందు కూర్చున్న ముసలమ్మలు ఊరుకోరు, "ఏం మేలో విప్పి చెప్పమ్మా, వింటాం" అంటారు. కడుపులో గడ్డ కరిగినవాళ్లు ఎంత గడ్డో చేత్తో చూపిస్తారు. గేదె దొరికినవాళ్లు ఏ తుమ్మచెట్టు కింద దొరికిందో చెబుతారు. మేరమ్మ కూడా లేచింది, కొత్త చీర గంజిపెళుసుగా ఉంది, మైకు పట్టుకుంది. విప్పి చెప్పమన్నారు, చెప్పింది. మా పిల్లకి నర్సింగ్ సీటొచ్చింది, ఆటల కోటాలో వచ్చింది, జిల్లా సర్టిఫికెట్టుకి రాదన్నారు, రాష్ట్రం ఆడినట్టు ఉండాలన్నారు, మా మరిది జోజిబాబు ఎవర్నో పట్టుకుని ఆ కాగితం పుట్టించాడు, అడిగింది చదివించుకున్నాం, దేవుడు దారి తీశాడు. చప్పట్లు కొట్టారు. స్తోత్రం అన్నారు. ఎవరో ఫోనులో అది తీసి లైవు పెట్టారు. ఇందులో దాచాల్సింది ఒకటుందని ఆ నిమిషాన ఆమెకి తోచనే లేదు, అదీ విడ్డూరం. దొంగతనం చేసినవాడు మైకులో చెబుతాడా? చెప్పిందంటేనే ఆమె మనసులో అది దొంగతనం కాదు. ముఠాకి పని కావాలంటే ఆసామి గుమాస్తా చేతిలో ఏదో ఒకటి పెడతాం, ఆసుపత్రిలో మంచం కావాలంటే ఆయమ్మ చేతిలో పెడతాం, ఇదీ అలాంటిదే అనుకుంది. అనుకుందా? ఇప్పుడు బెంచీ మీద కూర్చుని నిజం చెప్పు మేరమ్మా, అంతేనా? కాదు. కాగితం మీద "రాష్ట్ర స్థాయి" అని చదివినప్పుడు ఒక్క క్షణం గుండె ఆగింది. చదవగలదు కాబట్టే ఆగింది. చదవడం రానిదైతే ఆ క్షణం ఉండేదే కాదు. ఆ తర్వాత కాగితం మడిచి ఫైల్లో పెట్టింది. పెట్టింది తన చెయ్యే.

పిల్లకి తెలియదు. ఇది మాత్రం రాయి మీద గీత. అప్పుడు కరుణశ్రీకి డెంగ్యూ. విస్సన్నపేట ఆసుపత్రిలో ఆరు రోజులు సెలైన్ ఎక్కుతూనే ఉంది, కళ్లు తెరిస్తే మూయడం, మూస్తే తెరవడం. సర్టిఫికెట్లు చూపించే రోజు నెత్తి మీదికొచ్చింది. జోజిబాబుకి నెట్ సెంటరు ఉంది, అన్నీ వాడికి తెలుసు, "వదినా, అమ్మాయి రాలేకపోతే తల్లి రావచ్చు, ఒక ఉత్తరం మీద సంతకం పెట్టించుకురా" అన్నాడు. పిల్ల మంచం మీదే సంతకం పెట్టింది, దేనికని కూడా అడగలేదు, మంచినీళ్లు అడిగింది. మేరమ్మా జోజిబాబూ వెళ్లారు. తర్వాత పిల్ల కాలేజీలో చేరింది, తెల్లకోటు తొడుక్కుని ఫోటో పంపింది, ఆ ఫోటో ముఠాలో ముప్పై మందీ చూశారు. జిల్లాకే సీటొచ్చింది చూశావా అమ్మా అని మురిసిపోయింది పిచ్చిపిల్ల. క్రిస్మస్ సెలవులకి వచ్చి, మందిరంలో ఆడపిల్లల వైపు కూర్చుని, తల్లి నోటి నుంచి మైకులో వింది. అందరూ చప్పట్లు కొడుతుంటే అది ఒక్కతే కొట్టలేదు. ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని, "నేను స్టేట్ ఆడలేదు కదమ్మా. ఆడింది మా జట్టులో కీర్తన కదా" అంది. అంతే. సెలవులయ్యాయి, బస్సెక్కనంది. మేరమ్మ తిట్టింది, బతిమాలింది, గడప దగ్గర సూట్‌కేసు పెట్టి పొద్దంతా కూర్చుంది. ఎక్కలేదు. ఆ వీడియో చూసి కీర్తన వాళ్ల నాన్న ఫిర్యాదు పెట్టాడు, నెల తిరక్కుండా పోలీసులొచ్చారు.

ఏడాదికి పైగా వాయిదాలకి తిరిగి తిరిగి, పోలీసు కాగితాల్లో రాసినవన్నీ మేరమ్మకి కంఠతా వచ్చేశాయి. మోసం. దొంగ కాగితం పుట్టించడం. దొంగదని తెలిసి వాడటం. రాసినంత పడితే ఏడేళ్ల దాకా ఉందట, అంత పడదులెమ్మా అంటాడు మణికంఠ, మొదటి తప్పు, ఆడమనిషి, కూలిమనిషి. కీర్తన వాళ్ల నాన్న కాళ్లు పట్టుకుని రాజీ చేసుకుందామంటే, మోసానికి రాజీ ఉంది గానీ దొంగ కాగితానికి రాజీ లేదన్నాడు. మరి ఏముందయ్యా అంటే, ఆ వీడియో ఉంది చూడండి, అది అసలైనదేనని పోలీసులు సర్టిఫికెట్టు పెట్టలేదు, సర్టిఫికెట్టు లేని వీడియో కోర్టులో చెల్లదు, అక్కడ కొడతాను అన్నాడు, కళ్లు మెరిపించి. మేరమ్మ ఆ రాత్రి తల్చుకుని తల్చుకుని నవ్వింది. దొంగ సర్టిఫికెట్టు పెట్టామని మన మీద కేసు, సర్టిఫికెట్టు లేదని వాళ్ల మీద మన వాదన! పేరున్న ఆసామి ఒకాయన మనవడికి డాక్టరు సీటొచ్చిందని సెంటర్లో నిలువెత్తు ఫ్లెక్సీ కట్టారు. ఆ పిల్లాడి తెలివి ముఠాలో అందరికీ తెలుసు, వేరుశనక్కాయకీ కందికాయకీ తేడా తెలియదు. వాళ్లిచ్చింది డొనేషను, రసీదు ఉంది, కాఫీ కూడా ఇచ్చి పంపారు. మేరమ్మ ఇచ్చింది లంచం, కోర్టు బెంచీ ఇచ్చారు. ఈ మాట జడ్జిగారి మొహం మీదే అడగాలని ఎన్నాళ్లుగానో ఉంది. ఏమమ్మా, పెద్ద తలుపు తెరిచి డబ్బు తీసుకుంటే చదువు, కిటికీలోంచి తీసుకుంటే నేరమా? అడిగి తీరాలి. అడిగి కడిగెయ్యాలి.

కానీ అడగబోతే ప్రతిసారీ ఒక పిల్ల అడ్డొచ్చి నిలబడుతోంది. ఆసామి మనవడి సీటు కాదు మేరమ్మ పట్టుకుపోయింది, కీర్తన సీటు. కీర్తన నాన్న కూడా పరాయి చేలో మందు కొట్టేవాడే, వీపున డబ్బా మోసి మోసి ఒక పక్కకి ఒరిగిపోయిన మనిషే. కీర్తనా కరుణా ఒకే బడి, ఒకే ఖోఖో జట్టు. వెన్ను చూపించి కూర్చున్న కీర్తన భుజం మీద కరుణ చరిచి ఖో అంటే అది బాణంలా లేచేది. పోయిన వాయిదాకి కీర్తన బోనులో నిలబడింది. సన్నగా, భయంగా, చేతులు కట్టుకుని. "కరుణ జిల్లా దాకా ఆడిందండి. స్టేట్‌కి నేను వెళ్లాను" అంది. అక్కడితో సరి, అడిగింది అంతే. కానీ దిగబోతూ ఆగి, ఎవరూ అడక్కుండానే, "బాగా ఆడేదండి" అంది. అడిగిన దానికే జవాబు చెప్పమ్మా అన్నాడు జోజిబాబు తరఫు లాయరు. కీర్తన అన్న ఆ మాట మేరమ్మకి చెంపదెబ్బలా తగిలింది. పోలీసులు స్టేషన్లో కూర్చోబెట్టిన రోజు తల దించలేదు, బెయిలు షరతని ప్రతి ఆదివారం మందిరానికి పోయే వేళకి స్టేషన్‌కి పోయి సంతకం పెట్టినప్పుడు దించలేదు, ఆలస్యంగా మందిరానికి పోతే ఆ ముసలమ్మలే చాప మీద జరిగి కూర్చున్నప్పుడు కూడా దించలేదు. ఆ ఒక్క మాటకి దించింది.

వరండా అవతలి కొసన జోజిబాబు ఇస్త్రీ చొక్కాతో స్తంభానికి ఆనుకుని ఉన్నాడు. వదినా అని పిలిచే నోరు, ఇప్పుడు ఇటు చూడదు. వాడి వాదన వాడిది. నేను నెట్ సెంటరు వాణ్ణి, వాళ్లు తెచ్చిన కాగితాలు ఎక్కించాను, అందులో ఏముందో నాకు తెలియదు. వాడికి తెలియదు. మేరమ్మకి తెలియదు. కరుణశ్రీకి తెలియదు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టెడు రొయ్యలు మాయం. "ముగ్గురూ తెలియదంటే ఎవరి మీదా నిలబడదమ్మా" అంటాడు మణికంఠ. పాపం, ఇతను పత్తి చేలో ఎప్పుడూ నిలబడలేదు. మేరమ్మకి పద్నాలుగేళ్లప్పుడు, ముఠాలో అందరికంటే చిన్నది, కాటా దగ్గర ఒక మూటలో తడి పత్తి బయటపడింది. బరువు తూగడానికి ఎవరో నీళ్లు చల్లారు. ఎవరే అని ఆసామి అడిగాడు. తెలియదండి అంది మొదటి ఆమె. తెలియదండి అంది రెండో ఆమె. వరసగా పదిహేను మందీ తెలియదండి అన్నారు. అప్పుడు ఆసామి చూపు వరస చివరికి వచ్చింది, అందరికంటే పొట్టిగా ఉన్నదాని మీద ఆగింది. వారం కూలి కోశాడు, చేలోకి రావద్దన్నాడు. నీళ్లు చల్లిన ఆమె ఎవరో మేరమ్మకి తెలుసు, ఆ ఆమె ఇంటికెళ్లేటప్పుడు ఒక బెల్లమ్ముక్క పెట్టింది కూడా. అందరూ తెలియదంటే తప్పు గాలిలో కలిసిపోదు లాయరుగారూ. వెతుక్కుంటూ వెళ్లి చిన్నదాని మీద వాలుతుంది. ఇక్కడ చిన్నది ఎవరు? కాగితం మీద ఫోటో ఎవరిది? ఆ ఉత్తరం మీద సంతకం ఎవరిది? చదువురాని తల్లికి తెలియదు సరే, చదువుకున్న పిల్లకి తెలియదా అని రేపు ఎవడైనా అడగడా? ఈ మచ్చ పడితే దానికి ఇంకెక్కడ సీటు, ఇంకెక్కడ ఉద్యోగం? మచ్చ లేకపోతే మళ్లీ పరీక్ష రాస్తుంది, ఈసారి తన మార్కులకి ఏదొస్తే అది చదువుతుంది. మేస్త్రి అయిన రోజునే మేరమ్మ ముఠాకి ఒక కట్టు పెట్టింది, కాటా దగ్గర మూట తప్పొస్తే ఆ మూట మేస్త్రిదే. ఇరవై రెండేళ్లుగా తప్పలేదు.

"అమ్మా" అంది కరుణశ్రీ. "తెలియదనేయమ్మా. ఆయన చెప్పినట్టు అనేయ్. నువ్వు లోపలికెళ్తే నేనెలా ఉండను?"

"ఎలా ఉంటావేంటే, పొద్దున్నే లేచి మీ నాన్నకి అన్నం వండి, పుస్తకం ముందేసుకుని కూర్చుంటావు."

"జోకులొద్దమ్మా. నా వల్లే కదా ఇదంతా."

"నీ వల్లా? మంచం మీద సెలైన్ ఎక్కుతున్నదాని వల్లా? నోరు మూసుకో. ట కి డ కి తేడా నేర్పావు, ఇక నాకు నేర్పొద్దు."

పిల్ల చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది. ఎంత వేడి వరండా, ఏప్రిల్ ఎండ మెట్ల మీద నిప్పులు పోస్తోంది, దాని చెయ్యి చల్లగా ఉంది. అప్పుడు భయం వేసింది మేరమ్మకి, ఒట్టి భయం. జైలంటే ఏమిటో తెలియదు, అది మాత్రం నిజంగానే తెలియదు. ఎవరి పక్కన పడుకోవాలి, ముఠాని ఎవరు తోలుకుపోతారు, ఏసోబు చొక్కా గుండీ ఊడితే ఎవరు కుడతారు. ఉండనీ భయం. భయపడుతూనే పామున్న చేలో పత్తి తీయలేదా? లోపల నుంచి బంట్రోతు గొంతు వచ్చింది. "జోజిబాబూ! మేరమ్మా! కరుణశ్రీ!"

లోపల ఫ్యాను టకటకమంటోంది. జోజిబాబు ఏడు సార్లు తెలియదండి అన్నాడు, మేరమ్మ లెక్కపెట్టింది. తర్వాత ఆమెని పిలిచారు. మణికంఠ తన మనవి కాగితం పట్టుకుని సగం లేచాడు. జడ్జిగారు నడివయసు ఆడమనిషి, కళ్లజోడు లోంచి చూసి, సాక్షులు చెప్పిన మాటలు ఒక్కొక్కటే చదివి అడగడం మొదలుపెట్టారు. రాష్ట్ర స్థాయిలో ఆడినట్టున్న ఈ సర్టిఫికెట్టు దొంగదని సాక్ష్యం వచ్చింది, మీరేమంటారు?

"నిజమేనండి. దొంగదే. నాకు తెలుసు."

మణికంఠ కూర్చుండిపోయాడు. జడ్జిగారు కలం పక్కన పెట్టారు. "ఏం చెబుతున్నారో తెలిసే చెబుతున్నారా? మీ లాయరుతో మాట్లాడుకుంటారా?"

"మాట్లాడానండి. ఆయన చెప్పాల్సింది ఆయన చెప్పారు, తప్పు లేదు. కాగితం నేను చదివానండి. రాష్ట్రమని రాసుంది. మా పిల్ల రాష్ట్రం ఆడలేదని నాకు తెలుసు. డబ్బు ఇచ్చింది నేను. పట్టుకెళ్లి చూపించింది నేను, జోజిబాబు. వీడియోలో ఉన్నదీ నేనే, దానికి వేరే సర్టిఫికెట్టెందుకండి, మనిషినే ఎదురుగా ఉన్నానుగా."

ఎవరో నవ్వారు. జడ్జిగారు తలెత్తగానే ఆగిపోయారు. "మూడో ముద్దాయికి ఈ సంగతి తెలుసా?"

"తెలియదండి" అంది మేరమ్మ. నోట్లో రాయిలా తగల్లేదు ఈసారి. వెనక నుంచి కరుణశ్రీ ఏడుపు వినబడింది. మేరమ్మ తిరిగి చూడలేదు.

కీర్తన చెప్పిన సాక్ష్యం చదివారు, జిల్లా దాకానే ఆడిందని. నిజమేనండి అంది. చివరిగా చెప్పుకునేది ఇంకేమైనా ఉందా అన్నారు. ఫ్లెక్సీ గుర్తొచ్చింది, డొనేషను గుర్తొచ్చింది, పెద్ద తలుపూ కిటికీ గుర్తొచ్చాయి. "ఉందండి. డబ్బున్నవాళ్లు రసీదుతో కొనుక్కుంటున్నారు, వాళ్లని కూడా ఒకసారి ఈ బోనెక్కించండి. కానీ నేను పట్టుకుపోయింది వాళ్లది కాదండి. నాలాంటివాళ్ల పిల్లది. దానికి మాత్రం నా దగ్గర జవాబు లేదు."

మేరమ్మ జవాబులు టైపు చేసిన కాగితాలు వచ్చాయి. గుమాస్తా అలవాటుగా ఇంకు డబ్బా ముందుకి జరిపాడు. మేరమ్మ దాన్ని వెనక్కి జరిపింది. "చదివి పెడతానండి" అంది. వేలు పెట్టుకుని, పెదాలు కదుపుతూ, కోర్టు కోర్టంతా కాచుకుని ఉండగా, మొదటి పేజీ, రెండో పేజీ, తొందరేం లేకుండా చదివింది. వెనక బెంచీ మీద ఏడుపు ఆపుకున్న పిల్ల పెదాలు కూడా కదులుతున్నాయని ఆమెకి చూడకుండానే తెలుసు. కీర్తన సాక్ష్యం దగ్గరికొచ్చేసరికి వేలు ఆగింది.

"అమ్మగారూ, ఒక మాట పడలేదండి."

"ఏ మాట?"

"బాగా ఆడేదని చెప్పిందండి ఆ పిల్ల. అదీ నిజమే. అదీ రాయించండి, అప్పుడు సంతకం పెడతాను."

గుమాస్తా జడ్జిగారి వైపు చూశాడు. ఆమె కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని తలూపారు. కీబోర్డు చప్పుడు మొదలైంది. మేరమ్మ కలం పట్టుకుని నిలబడింది, ఆ వాక్యం అయ్యేదాకా.